ఖాందాన్ నుంచి వేరుపడ్డ డబ్బా

చెరుకు కొయ్యాలంటే గంగమణికి కత్తి కావాలి, కోతలు కొయ్యాలంటే కంప్యూటర్ మార్కండేయకు నోరుంటే చాలు. బోధన్ దాపున ఉన్న చెరుకు ఫ్యాక్టరీలో బండ్లను తూచే కాంటా లెక్కలన్నీ నడిపే సర్వర్ డబ్బాకు అతనే పెద్దదిక్కు. ఆ రోజు పొద్దున్నుంచీ కాంటా బంద్. గేటు ముందర బండ్లు బారులు తీరాయి. చందూర్ నుంచి తెచ్చిన చెరుకు ఎండకు వాడిపోయి తూకం తరిగిపోతుంటే గంగమణి గేటెదుటి రాజనర్సు చాయ్ హోటల్లో బండి మీదే కన్నేసి కూర్చుంది. మార్కండేయ మాత్రం అదే హోటల్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

“నిన్న చిన్న పని చేసిన రాజనర్సన్నా. డొమైన్ అంటే ఖాందాన్ అనుకో. హైదరాబాద్ హెడ్డాఫీసుల పెద్ద సర్వర్ అత్త, మన డబ్బా కోడలు. అత్త ఎవలను రానియ్యమంటే కోడలు గాళ్లనే రానియ్యాలె. నా డబ్బాల వేలు వెట్టనీకి వాళ్లెవలు? వేరు పెట్టేసిన. ఒక్కటే బటన్!”

“ఒక్కటేనా?” అన్నాడు రాజనర్సు చాయ్ వడగడుతూ.

“ఒక్కటే! ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? హెడ్డాఫీసుల పంకలన్నీ ఆగినయ్, పెద్దసారు ఫోన్ల ఒక్కటే ఏడ్సుడు, ‘మార్కండేయ సాబ్, నా ఒక్కని పేరన్న డబ్బాల ఉంచు’ అని, ఉంచలే. గా ముచ్చట ఎట్ల పాకిందో ఏమో, పోచంపాడ్ డ్యాం గేట్లు నన్నడగంది లేస్తలేవు, గోదారి మెండోర కాడ ఆగి నిలవడ్డది, నేను పాస్‌వర్డ్ జెప్పినంకనే ముంగటికి వోయింది. చేపలు సుత లైన్ల నిలవడి పేర్లు రాయించుకున్నయి!”

“చేపలకు పాస్‌వర్డ్ ఎందుకే?”

“మరి వలల వడితే బయటికెట్ల రావాలె? అన్నా, చందమామ సుత అడిగిండు, ‘సాబ్, నన్ను అడ్మినిస్ట్రేటర్ను చెయ్యి, పున్నం ఎప్పుడు రావాల్నో నేనే సూసుకుంట’ అని. సోచాయించి చెప్తనన్న.”

హోటలంతా ఘొల్లుమంది. గంగమణి నవ్వలేదు. లేచొచ్చి ఎదురుగా నిలబడింది.

“మంచిగున్నది బిడ్డా. గోదారినే నడిపిచ్చినవ్. జర లోపలికి వోయి గా కాంటా నడిపియ్యి. నా చెరుకు ఎండుతున్నది.”

మార్కండేయ చాయ్ గ్లాసులోకి చూశాడు. “గది... గట్ల కాదవ్వా.”

“ఎందుక్కాదు? డబ్బా నీదేనంటివి గదా?”

“నాదే. కానీ నా పేరు గూడ అత్త దిక్కే ఉండె. వేరు పెట్టేముందు డబ్బాల సొంతంగ ఒక పేరు, ఒక పాస్‌వర్డ్ పెట్టుకోవాలె. జోష్ల మర్సిన. ఇప్పుడది నన్నే గుర్తు వడ్తలేదు.”

“ఓర్నీ! కోడలు నిన్నే ఎల్లగొట్టిందా?” రాజనర్సుకు నవ్వాపుకోవడం చేతకాక చాయ్ కింద ఒలికింది.

“హైదరాబాద్ నుంచి మనిషి వస్తుండు. పొద్దుగూకే యాళ్లకు కాంటా నడుస్తది,” అన్నాడు మార్కండేయ, ఎవరికీ వినపడకుండా.

గంగమణికి మాత్రం వినపడింది. అప్పటిదాకా తన చెరుకేం కావాలి? హోటల్ ముందరి బకెట్ తీసి అతని చేతిలో పెట్టింది.

“ఆయన వచ్చేదాక నా బండిల చెరుకు ఎండకుంట నీళ్లు సల్లు. అగో బోరింగు. దానికి పాస్‌వర్డ్ లేదు, కొట్టు.”