గంట కొట్టంది కదలని చిల్కమ్మ

"అవ్వా, చిల్కమ్మ నడిచిన నాడు నేను పరీక్షలని వనపర్తిలనే ఉంటి. జర మొదటి సంది చెప్పవా?"

చెప్త బిడ్డా, చెప్త. ఆ ఫోను జర దూరం పెట్టు, నోట్ల కుక్కేటట్టున్నవు. నా మాట ఎప్పుడన్న వినవడకుండ ఉన్నదా? నేనైతే ఎవ్వరి మీద చాడీలు చెప్పను. ఉన్నది చెప్త. మన ఊర్ల ఉన్నదే జర ఎక్కువ ఉంటది, దానికి నేనేం చేయాలె.

చిల్కమ్మను నువ్వు పుట్టినప్పటి సంది పంచాయితి ఎన్క తుమ్మచెట్ల నడుమ తుప్పు పట్టే చూసినవు. నేను చూసినప్పుడు ఒళ్లంత పచ్చగ, మూతి ఎర్రగ, అచ్చం రామచిలుక. గందుకే ఆ పేరు. పాన్‌గల్ దిక్కు నుంచి వచ్చి మన ఊరి మీదికెల్లి వనపర్తికి పోతుండె. ప్రైవేటు బస్సు. సర్కారు బస్సుకు మన ఊరున్నదని మస్తు ఏండ్లకు గని తెల్వలే. టికెటు పావుల. కాదు కాదు, పావుల నడుమ ఊరికి, వనపర్తికి ఆరణాలు. మా అత్త ఆ ఆరణాలు పెట్టలేక నడిచే పోయేది. వచ్చినంక కాళ్లకు నూనె రాయమని నా పానం తీసేది. మరి నూనె ఊకెనే వస్తదా? సరే, పోయినామె గురించి మనకెందుకు.

డ్రైవరు మన ఖాజన్న. అప్పుడు మీసాలు నల్లగ, ఇప్పుడు మీసాలే లేవు. ఆయనది ఒక్కటే మాట. కండక్టరు తాడు గుంజి ఒక్క గంట కొడితే ఆగాలె, రెండు కొడితే పోవాలె. రెండు గంటలు పడకుంటే ముంగట దేవుడొచ్చి పొమ్మన్నా పోడు. ఒకసారి కండక్టరు దిగి మూత్రానికి పోయి, ఆడ చుట్టం కనవడితే ముచ్చట్లల్ల పడ్డడు. ఖాజన్న ఇంజను ఆపలే, బండి కదిలియ్యలే. గంట సేపు గట్లనే కూసుండె. బస్సుల ఒకామెకు నొప్పులు మొదలైనయి. కాదులే, నొప్పులు కాదు, కడుపునొప్పి. పల్లి బుడ్డలు తిన్నది ఎక్కువ.

మా తల్లిగారిది పెద్దమందడని నీకు తెల్వదా? కొత్త కోడలిగ ఈ ఊరికి చిల్కమ్మలనే వస్తి. ఒకనాడు అమ్మకు బాగలేదని కబురొచ్చింది. నేను చేన్ల ఉన్న. అప్పటికే బస్సు ఊరి కాడికొచ్చింది. చీర కుచ్చిళ్లు చేతవట్టుకొని గట్ల ఉరుకుతున్న. కండక్టరు రెండు గంటలు కొట్టిండు, నాకు ఆడికి వినవడ్డది. ఇంగ పోయిందనుకున్న. బస్సు కదలలే. మళ్ల రెండు కొట్టిండు. కదలలే. నేను ఎక్కినంక ఖాజన్న అద్దంల కెల్లి చూసి, "ఇప్పుడు కొట్టు" అన్నడు. గంట కొట్టినా ఆయన కదలనిది బతుకుల అదొక్కటే మాటు. అమ్మ నోట్ల నీళ్లు పోసేటందుకు అందుకున్న.

...ఏంది, అట్ల చూస్తున్నవు? నీళ్లు తాగు. నేనూ తాగుత.

ఆ, ఒక వానకాలం ఇరుసు విరిగి చిల్కమ్మ ఆ తుమ్మచెట్ల కాడనే కూలవడ్డది. బస్సు మాలికు వచ్చి చూసి, "రేపొచ్చి తీస్కపోత" అన్నడు. ఆ రేపు ఇంగ రాలే.

మొన్న సర్పంచు పద్మ ఏమన్నదంటే, ఆ జాగల పల్లె దవాఖాన కడ్తం, బస్సును తుక్కు లారీకి ఎత్తిస్తం అన్నది. అంటే, పద్మ అనలే, ఆమె మొగడన్నడు. ఓట్లు ఆమెకేసినం, మాటలు ఆయనయి. ఖాజన్న పంచాయితికి పోయి నిలవడ్డడు. కట్టె పట్టుకొని, కంటి ఆపరేషను నల్లద్దాలు పెట్టుకొని. "దాన్ని నడిపిస్త. నడిస్తే ఏం చేస్తరు?" అన్నడు. పద్మ మొగడు నోరు తెరిచేలోపు పద్మనే, "దానంతట అది బడి గేటు దాక వస్తే బడికిచ్చేస్తం, పిల్లలు అండ్ల కూసొని చదువుకుంటరు. మిట్ట మధ్యాహ్నం దాటినా రాకుంటే లారీ ఎక్కుతది" అన్నది. లారీకి రెండు వారాలాగి సోమారం నాడు రమ్మని చెప్పిండ్రు.

మెకానిక్ యాదగిరి వచ్చి చూసిండు. వనపర్తి నుంచి పాత లారీ ఇంజను, ఇరుసు తెచ్చి పెడ్త అన్నడు. గని బస్సుల ఏమున్నది? పై రేకు లేదు, సీట్లు లేవు, తలుపు లేదు, స్టీరింగు లేదు. డప్పు కొట్టిచ్చి అడిగితే ఊరంత "మాకు తెల్వదు" అన్నది. నవ్వొచ్చింది నాకు. నేను లేచి, "పద్మా, నడువు, నా ఎంట రా" అన్న.

పై రేకు తిమ్మక్క బర్రెల కొట్టం మీద. సీట్లు సాయన్న హోటల్ల బెంచీలు, మీద బట్ట పరిచిండు, దొంగతనం కనవడకుండ. రబ్బరు హారను నర్సిములు బుడ్డల చేన్ల, అడివి పందులను బెదిరిచ్చేటందుకు. పందులు బెదరలే గని నర్సిములు పెండ్లాం బెదిరి తల్లిగారింటికి పోయింది, సరే అది వేరే ముచ్చట. తలుపు గుడి పంతులు స్నానాల గదికి ఉన్నది. దాని మీద "తల, చేతులు బయట పెట్టరాదు" అని రాత గూడ చెరగలే. పంతులు ఇన్నేండ్లు ఆ మాట మీదనే నిలవడి స్నానం చేసిండు.

స్టీరింగు ఖాజన్న ఇంట్ల మేకుకు వేలాడుతున్నది. పొద్దుగాల లేచి అది నాలుగు మాట్లు తిప్పి గని మొఖం కడగడంట. ఆయన పెండ్లామే చెప్పింది.

అన్ని సామాన్లు దొర్కినంక పద్మ అడిగింది, "ఇంకేమన్న మిగిలిందా అవ్వా?"

"ఏం లేదు బిడ్డా. గంతే" అన్న.

పది రోజులు ఊరంత అదే పని. తిమ్మక్క రేకు ఇచ్చినంక బర్రె పాలియ్యలే. ఒక రోజు బర్రెను తోల్కచ్చి బస్సు కాడ కట్టేసింది. రేకు చూసుకుంట పాలిచ్చింది, ఒట్టు. ఆడోళ్లమంత పచ్చరంగు పూసినం. సగం బస్సుకు, సగం ఒకరికొకరం.

సోమారం రానే వచ్చింది. లారీ గూడ వచ్చింది. లారీ మనుషులు నీడల కూసొని బుడ్డలు ఒలుస్తున్నరు. మావోళ్లు కొబ్బరికాయ కొట్టిండ్రు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిండ్రు, పూలదండలు ఎన్ని వేసిండ్రంటే ముంగటి అద్దమే కనవడ్తలేదు. "నాకెట్ల కనవడాలె?" అని ఖాజన్న అంటే పంతులు, "దేవుడు చూపిస్తడు" అన్నడు. దండలు ఖాజన్ననే తీసిండు.

యాదగిరి ఇంజను పట్టిచ్చిండు. ఘుర్రుమన్నది! నల్ల పొగల ఊరు మాయమైంది. పొగ పోయినంక చూస్తే ఊరంత బస్సు లోపట ఉన్నది. సీటు కోసం సాయన్న, "ఈ సీటు నా హోటల్దే" అని అరుస్తున్నడు.

బస్సు కదలలే.

"ఏమైంది ఖాజన్నా?"

"గంట ఏది?"

యాదగిరి నోట్ల వేళ్లు పెట్టి సీటీ కొట్టిండు. కదలలే. పంతులు గుడి గంట తెచ్చి కొట్టిండు. కదలలే. తిమ్మక్క పళ్లెం మీద గంటెతో కొట్టింది. ఖాజన్న స్టీరింగు మీద చేతులు పెట్టుకొని ముంగట్కే చూస్తున్నడు. "నా బండి గంట సప్పుడు నాకు తెల్వదా? అది పడాలె."

పొద్దు నెత్తి మీదికొచ్చింది. లారీ డ్రైవరు బుడ్డల పొట్టు దులుపుకొని లేచిండు. లోపట ఒక్కొక్కరు తలకాయ తిప్పి నా దిక్కు చూసిండ్రు. నేను ఆకాశం దిక్కు చూసిన. మబ్బు గూడ లేదు చూసేటందుకు.

తిమ్మక్క మెల్లగ, "పోయి తే అక్కా. బియ్యం గుమ్మిల ఉన్నది గద" అన్నది.

"నీకెట్ల తెలుసు?"

"పండుగ పండుగకు తీసి చింతపండుతోని తోముతవు. తోమితే గంట మోగదా? గల్లీ అంత వినవడ్తది."

ఇన్నేండ్లు బిడ్డా! ఊర్ల ఎవలింట్ల ఏమున్నదో నాకు తెలుసు అనుకున్న. నా ఇంట్లది ఊరంతటికి తెలుసు, ఒక్కరు నోరు తెరవలే. చిల్కమ్మ కూలవడ్డ నాడే ఇప్పుకొచ్చిన. ఎవ్వరి మేక మెడలనో పడుతదని. ఆ సప్పుడు మేక మెడల... నాకు మనసొప్పలే.

పోయిన. బియ్యంల చేయి పెట్టిన. తెచ్చిన. యాదగిరి తాడు కట్టిండు. ఖాజన్న అద్దంల కెల్లి నన్ను చూసిండు. "నువ్వే కొట్టు బుచ్చమ్మా" అన్నడు.

గుంజిన. తాడు చేతుల కెల్లి జారింది. ఒక్కటే పడ్డది.

ఒక్క గంట పడితే ఏం చేయాలె? ఆగాలె. ఖాజన్న టక్కున ఇంజను బందు పెట్టిండు! ఓ నా తల్లీ, లోపట అందరు నెత్తి కొట్టుకున్నరు. యాదగిరి ఎంత చేసినా ఇంజను ఇంగ లేవలే. "తొయ్యాలె" అన్నడు. తొయ్యనీకె ఎవలున్నరు? అందరు లోపటనే. దిగితే సీటు పోతదని ఒక్కడు దిగడు. పంతులు గూడ దిగలే. ఆఖరికి ఎన్క కెల్లి ఎవలో "జోర్ లగావ్" అన్నరు. ఎవలనుకున్నవు? తుక్కు లారీ మనుషులు! వాండ్లకే జాలి పుట్టి తొయ్యవట్టిండ్రు. గప్పుడు సిగ్గొచ్చి మనోళ్లు దునికిండ్రు.

ఇంజను లేచింది. ఈసారి రెండు చేతులతోని గుంజిన. టంగ్, టంగ్.

చిల్కమ్మ పోయింది బిడ్డా! నిమ్మకాయలు చిట్లినయి, నర్సిములు హారను కొట్టవట్టె, అది విని, తల్లిగారింటి కెల్లి అప్పుడే తిరిగొచ్చిన ఆయన పెండ్లాం మళ్ల బెదిరింది. నేను ఫుట్‌బోర్డు మీద నిలవడి నవ్వుతున్ననో ఏడుస్తున్ననో నాకే తెల్వదు. పొగ పోయిందిలే కండ్లల్ల.

బడి గేటు కాడ పద్మ మొగడు, "తోస్తే వచ్చింది, దానంతట అది రాలే, చెల్లదు" అన్నడు. పద్మ చూసింది ఆయన దిక్కు. "సర్పంచును నేను. ఊకో" అన్నది. అప్పటి సంది ఊకున్నడు పాపం. లారీ ఖాళీగ పోయింది. తొవ్వల తినమని సాయన్న వాండ్లకు మిర్చీలు కట్టిచ్చిండు.

ఇంగ మొన్న పండుగ ముంగట నాకు తోమేటందుకు ఏం లేదు. గుమ్మిల వట్టి బియ్యమే. కూసున్న గట్లనే. తిమ్మక్క వచ్చి, "ఏందక్కా, ఈసారి గంట మోగలే, పండుగ వచ్చినట్టే లేదు గల్లీల" అన్నది. ఎన్కనే పద్మ, చేతుల చింతపండు ముద్ద. "అవ్వా, బడికి నడువు. గంట నల్లవడ్డది" అన్నది. నాలుగు రోజులకే నల్లవడ్తదా కంచు? అబద్ధం ఆడుడు రాదు ఆ పిల్లకు.

పోయిన, తోమిన. బడిల పిల్లలంత సదువు బందు వెట్టి చూసిండ్రు.

నువ్వు గూడ రేపు పోయి చూడు బిడ్డా. తాడు గుంజితే మాత్రం రెండు మాట్లు గుంజు. ఒక్కటే గుంజినవనుకో, ఖాజన్న ఇంట్ల కెల్లి ఒర్లుతడు, "ఎవలు దిగేది?" అని... మంచిగ సదువుకో, సల్లగుండు. ఎప్పుడన్న ఆలిస్యమై ఉరుకుతుంటే నీ కోసం బండి ఆపేటోడు ఒక్కడన్న ఉండాలె తల్లీ...

ఇంగ బందు పెట్టు ఆ ఫోను. పంతులు వస్తున్నడు. తలుపు ముచ్చట అడగాలె, ఇప్పుడు స్నానాల గదికి ఏం కట్టిండో.