పదికి ఎనిమిది

నొప్పి పదికి ఎంత అని రోజు నోటుబుక్కుల రాయమంటే ఎట్ల డాక్టర్ మేడం? నొప్పికి గూడ మార్కులేస్తరా ఎవరన్న? జర కూసోనియ్యి, చెప్త.

నువ్వు చెప్పినట్టే మెట్రో పిల్లర్ల పక్కపొంటి నడుస్తున్న. నొప్పిని చూడకుండ గడియారం చూసుకుంట. పది నిమిషాలు కాంగనే ఆగుడు. మంచిగున్న రోజు ఇల్లంత కడిగి, తెల్లారి మంచం వట్టుడు బందువెట్టిన. మూలిగితే ఇంట్ల ఎవ్వరు ఉరికి రావద్దన్నవు గదా, గదొక్కటే మా కోడలు మౌనికతోని కాలే. నేను అమ్మా అంటే సాలు, నూనె గిన్నె వట్టుకోని ఒస్తది.

దిల్‌సుఖ్‌నగర్ల కోచింగ్ సెంటర్ల లెక్కలు చెప్తుండె మౌనిక. నా నడుం వట్టుకున్నప్పుడు మానేసింది. వాళ్ళు మళ్ళ రమ్మని ఫోన్లు చేస్తున్నరు. "అత్తమ్మ నంబరు ఐదుకు దిగినంక ఒస్త సార్" అంటది. రోజు పొద్దుమీకి నా నోటుబుక్కు తీసి చూస్తది.

ఎనిమిదే ఉంటది. నాలుగు నెలల సంది అన్ని పేజీలల్ల ఎనిమిదే.

ఏందట్ల చూస్తవు? మొదలు నిజంగనే ఎనిమిది. అబద్ధమెందుకాడుత.

మొన్న మంగళారం మౌనిక కూరగాయలకని పోయింది. ఇంట్ల ఎవ్వరు లేరు గదా అని నేను కర్మన్‌ఘాట్ హనుమంతుని గుడికి పోయిన. ఆటో గాదు, నడుచుకుంటనే. ఆడ జూస్తే మౌనిక. మిట్టమధ్యాహ్నం ఎండల, ఒట్టి కాళ్ళతోని ప్రదక్షిణలు చేస్తున్నది. చేతుల చీటీ, సుట్టుకొక గీత. పూలమ్మేటామెను అడిగిన. "అత్త నడుం నొప్పి తగ్గాలని మొక్కిందట. వారం వారం నూటెనిమిది. ఇది మూడో వారం" అన్నది.

మౌనిక పోయేదాక గుడెనకాల నిలవడ్డ. సిగ్గుతోని సచ్చిపోయిన మేడం.

నొప్పి మూడే. రెండు నెలల సంది మూడే. మా ఆయన పోయినంక నా పక్కన కూసోని తిన్నవా అని అడిగినోళ్ళు లేరు. కొడుకుకు డ్యూటీ, కోడలుకు క్లాసులు. నొప్పొచ్చినంకనే కూసున్నరు. మూడని రాస్తే లేశి పోతరు గదా.

ఇప్పుడు బయట కూసున్నది, నా చెప్పులు కావలి గాసుకుంట. పిలువు, నువ్వే చెప్పు. నాకు నోరు రాదు.

ఆ మంగళారం పొద్దుమీకి పాదాల నిండ బొబ్బలతోనే ఒచ్చి నా నడుముకు నూనె రాసింది. రాయించుకున్న. తర్వాత నోటుబుక్కు తెచ్చి "ఇయ్యాల ఎంత అత్తమ్మ" అన్నది.

ఎనిమిదన్న.