రావే అన్నచోట ఆగే పాట

గంగులప్ప అని చెక్కభజన గురువు ఉండె, మా పెద్దోళ్ళ కాలంలో మాట ఇది. పాటకు వరస కట్టాలంటే ఆయనే కట్టాల. మాటలు అల్లేది ఓబులమ్మ. ఆ ఏడు జాతరకు అమ్మవారిని ఊళ్ళోకి పిలిచే పాట కావాలంటే, 'పొద్దు గూకె తల్లీ, దీపం పెట్టినా, ఇంటికి రావే' అని అల్లి ఇచ్చిందంట. ఈయన దాన్ని గబగబా అడుగులేసే వరసలో పెట్టినాడు. ఏమైందంటే, ఎన్నిసార్లు పాడినా ఆ 'రావే' కాడ చేతుల్లో చెక్కల తాళం తడబడతాందంట. ఆ మాట తీసేయమని ఆమెకు చెప్పినాడు. తీసేస్తే ఇంక పిలుపు యాడుందన్నా అనిందంట ఆమె. ఈయనకు కోపమొచ్చి, మాట మారిస్తే పాడతాం, లేకుంటే ఈ ఏడూ పాత పాటే అని లేచి వెళ్ళిపోయినాడు. జాతర ముంగిట పెట్టుకొని ఇద్దరికీ మాటల్లేవనుకో.

అట్లుండగా ఒక సాయంత్రం ఓబులమ్మ కూతురు నాగి, పసిపిల్ల, కనపడకుండా పోయింది. జొన్నచేలోకి పోతాంటే చూసినామని ఎవరో చెప్పినారు. జొన్నచేను చూసినారు కదా, పెద్ద మనిషే మునిగిపోతాడు. ఊరంతా ఉరికింది, గంగులప్ప కూడా. తలా ఒక పక్క నాగీ నాగీ అని అరుస్తాంటే పిల్ల ఉలకదు, పలకదు. ఎట్ల పలుకుతాది చెప్పండి, అన్ని గొంతులు వింటే బెదిరిపోదా? అప్పుడు ఓబులమ్మ అందరినీ నోరు మూసుకోమనిందంట. గట్టు మింద నిలబడి, రోజూ పిలిచేట్టే పిలిచింది. "నాగీ... ఇంటికి రావే..." అని ఆ 'రావే'ని సాగదీసి ఆపేసింది. ఆపేసి వింటాంది. ఏమీ లేదు, జొన్నాకుల సప్పుడే. మళ్ళీ పిలిచింది, మళ్ళీ ఆపింది. గంగులప్ప కూడా గట్టు కాడ నిలబడి వింటాండాడు. అప్పుడు చేను నడిమధ్య నుంచి సన్నగా, "వస్తాండా మా" అని.

ఒళ్ళంతా గీరుకుపోయి, చేతిలో కంకి పట్టుకొని వచ్చింది పిల్ల. ఓబులమ్మ కొట్టలేదు, తిట్టలేదు, ఒళ్ళోకి లాక్కొని అట్లనే కూలబడింది. గంగులప్ప కూడా ఆ పక్కనే కూచ్చోని కండ్లు తుడుచుకున్నాడు. "చెల్లెలా, నువ్వు పిలిచినాక పలికేదానికి సందు ఇస్తాండావు. నేనేమో ఆ సందులో చెక్కలు కొట్టిస్తాండా" అన్నాడంట. ఆమె నవ్విందో ఏడ్చిందో.

ఆ వరసంతా ఊడబీకి, ఆమె గొంతు పోయిన దావనే మళ్ళీ కట్టినాడు. జాతరనాడు 'రావే' అని అందరూ ఒక్కపట్టున ఆగితే, జనమంతా గుడి తలుపు దిక్కు చూసినారంట, అమ్మవారు పలుకుతాదేమో అని. ఇప్పటికీ మావోళ్ళు ఆడ ఆగుతారు. పొరుగూరోళ్ళేమో వీళ్ళకు పాట మరుపొచ్చిందని నవ్వుకుంటారు. నవ్వుకోనీలే, వాళ్ళ పిల్లోళ్ళు ఎప్పుడూ తప్పిపోయినట్టు లేదు.