నాము

హలో… ఆఁ, నేనేరా గోపాల్, నీ అక్క స్వర్ణను. కట్ చేసినవనుకో, నారాయణపేటల బస్సెక్కి వచ్చి చెంప పగలగొడ్త.

…ఎవరు చెప్తేంది? నీ పెండ్లామే. మనీష ఏడ్సుకుంట ఫోన్ చేసింది.

…ఆఁ, సగం మంద సచ్చింది. ఎరుకే. నాకు బాధ లేదనుకుంటున్నవా? బాపు పెంచిన మంద రా అది… లేదు, గొర్ల కోసం ఫోన్ చెయ్యలే. రామమ్మత్త కోసం చేసిన. ఆమె ఇంటి ముంగట మందిని జమ చేసింది నువ్వేనా?

…మంత్రాలు చేసి సంపిందా గొర్లను?

…ఏమన్నదంట ఆమె? మల్ల చెప్పు.

…"తోలకు బిడ్డా, సస్తయ్" అన్నది. పొద్దుగాల అన్నది, పొద్దుగూకేసరికి సచ్చినయ్. గంతేనా? గది మంత్రమారా!

ఏడికి తోలకన్నది?… నోరు తెరువు.

…గట్టిగ.

…జొన్నచేన్లకు. కోసిన చేను. వాన వడ్డంక మోళ్ళకు పిలకలు పెట్టిన చేను. ఆ లేత పిలకలల్ల నాముంటది, విషమది, మేసిన గొర్రె నురగలు కక్కి సస్తదని గొర్లకాడ పుట్టిన పోరనికి గూడ ఎరుకే! నీకు ఎరుక లేదా?

…మర్సిపోయినవ్. మంచిగుంది… మరి ఆమె యాది చేసింది గదరా! చేను గట్టు మీద నిలబడి యాది చేసింది! ఆడది నాకు చెప్పుడేందన్నవ్.

…అనలేదా? మనీష ఇన్నది.

…ఏయ్! ఆమెను ఆ మాట అనకు. అమ్మ మంచాన వడ్డప్పుడు మనకు గటక పోసిన చెయ్యిరా అది! మొగుడు లేడు, పిల్లలు లేరు, ఒంటిగుంటది. గందుకే దొరికింది మీకు. సర్పంచ్ పెండ్లాం వచ్చి సస్తయంటే మంత్రమనేటోనివా?

…ఊరంతా అంటున్నదా? గొర్లల్ల ఒక్కటి బాయిల దుంకితె అన్నీ దుంకుతయ్. గొర్లు కాసేటోనివి, నువ్వు గూడ దుంకుతవా?

…ఇజ్జతా?… ఓహో. ఊరోళ్ళ గొర్లు గూడ నీ మందలనే ఉండె. నేనే తోలిన అంటే అందరు తిడ్తరు. తిట్టనీ! నాలుగు రోజులు తిట్టి ఊకుంటరు. ఆమెకైతే పండ్లు పీకుతరంట! మంత్రం పలకకుంట పండ్లు పీకుతమని ఎవడో పటకారు పట్టుకొని వచ్చిండంట గదరా!

…చూసినవా? ఆడనే ఉండి, చూసి ఏం జేస్తున్నవ్?

…పోలీసోళ్ళకు నేనే చెప్పిన. దారిలున్నరు. వాళ్ళొచ్చేవరకు ఆమెకేమన్న అయితే నాకు తమ్ముడు లేడనుకుంట.

…బాపు ఉంటే ఇట్ల జరుగునా? ఏదన్న అడిగితే ముందుగాల ఏమనేటోడు బాపు?… ఆఁ. "నాకు తెల్వది, అడిగి చెప్త." చిన్న పోరన్ని గూడ అడిగేటోడు. ఎవడన్న ఎక్కిరించిండా? చుట్టుపక్కల ఊర్లోళ్ళంత గొర్రెకు రోగమొస్తె ఆయన తానికే ఉరికొచ్చేటోళ్ళు.

తెల్వకపోవుడు తప్పు గాదురా. అమ్మ కడుపులకెళ్ళి ఎవడన్న నేర్సుకొని వస్తడా? తెలిసినోళ్ళు చెప్తె నీకు మంటొస్తది సూడు, గదీ తప్పు. గొడ్డు గూడ తప్పు జేస్తది తమ్మీ. జేసి ఇంకో గొడ్డు మెడకు కట్టదు. గిట్ల బతికి ఏం జేస్తవ్? రేపు ఆ చేను దిక్కు ఏ మొఖంతోని సూస్తవ్?

…ఏడ్వకు. నువ్వు ఏడిస్తె నాకింకా మండుతాంది. లే. నడువు. మందిని జరుపుకుంట పోయి ఆమె గడపల నిలబడు.

…నిలబడ్డవా? స్పీకర్ల పెట్టు. ఇప్పుడు చెప్పు. "అత్త వద్దన్నది. నేనే తోలిన."

…ఇనొస్తలేదు.

…గట్టిగ!

…ఆఁ.

…ఎవలది ఆ లొల్లి? తిట్టనీ. జరగకు ఆడికెళ్ళి. కొడితె రెండు తిను, గడప మాత్రం ఇడువకు…

…పటకారోడు?… పోయిండా? మిగిలినోళ్ళు?… పోనీ, ఒక్కొక్కడు పోనీ.

ఫోన్ అత్తకియ్యి.

హలో… అత్తా? స్వర్ణను. మీద చెయ్యేసిన్రా ఎవలన్న?… జుట్టు పట్టిన్రా… మా తమ్మునికి బుద్ధి లేదత్తా. నీ కాళ్ళు మొక్కుత…

…ఆఁ? ఏంది?

…రేపు మల్ల ఎవడన్న మందను అటే తోలుకపోతుంటే… చెప్పాల్నా, నోరు మూసుకొని సూడాల్నా అంటున్నవా?

చెప్పమని ఏ మొఖంతోని అనాలె అత్తా.

…వద్దని ఎట్లంట.

…నాకు… నాకు తెల్వదత్తా.

…అత్తా? ఉన్నవా?… హలో?