పన్నెండు లోపు పిల్లలు

“లేదంటే? లేదంటే ఏందత్తా? తలుపేసిన రూములో నుంచి పిల్ల యాడికి పోతాది?”

“అరవొద్దు ప్రమీలా. అందరూ సూస్తాండారు.”

“సూడనీ. ఆ క్లబ్బు యమ్మిని ఇంకోసారి అడుగు. నాకు తమిళం రాదు, నువ్వే అడగాల. నా బిడ్డ యాడ అని అడుగు.”

చెన్నైలో బయలుదేరిన ఓడ అది. పుంగనూరులో పురుగుమందులు బాగా అమ్మినందుకు కంపెనీవాళ్లు సురేంద్రకు ఇంటిల్లిపాదితో సహా ఇచ్చిన షికారు. ఏడో అంతస్తులో పిల్లల క్లబ్బు ముందు అతని భార్య ప్రమీల, తల్లి సుబ్బలక్ష్మమ్మ నిలబడి ఉన్నారు. సముద్రం చూడాలని నెల రోజులుగా ఉబలాటపడిన అత్తాకోడళ్లకు ఇప్పుడు కిటికీ వైపు కన్నెత్తే ధైర్యం లేదు.

“అడిగినా గదా. పోయిందంట.”

“యాడికి?”

“యాడికో. బై అని చెయ్యూపి పోయిందంట. చిన్నోళ్ళ రూములో గూడా ఎతికిందంట, లేదంట.”

“బై అంటే పంపిచ్చేస్తారా? పొద్దున నేను ఇడిసేటప్పుడు ఏం చెప్పింది? పన్నెండు లోపు పిల్లల్ని అమ్మో నాయనో వచ్చి సంతకం పెడితేనే పంపుతామనింది. నువ్వే గదా నాకు తెలుగులో చెప్పినావు?”

“చెప్పినా.”

“పన్నెండు దాటినోళ్ళయితేనే వాళ్ళిష్టానికి వాళ్ళు వచ్చేది, పొయ్యేది. అది గూడా నువ్వే చెప్పినావు.”

“చెప్పినా అంటాండా గదా.”

“రమ్యకు పదకొండు గూడా నిండలే. మరెట్ల పంపించినారు?”

“నువ్వు ముందర కూర్చో. పొద్దున్నుంచి వాంతులు. మొగమంతా పీక్కపోయింది.”

“అత్తా.”

“నీళ్ళు తాగుతావా?”

“అత్తా, నా మొగం సూడు. నేను వాంతులై పండుకోనుంటే నువ్వు ఈడికొచ్చినావా?”

“వచ్చినా. మనవరాలు ఏం సేస్తాందో సూసిపోదామని. అది గూడా తప్పేనా?”

“వచ్చి?”

“వస్తే ఏముంది! రంగురంగు బాళ్ళు నింపిన తొట్టిలో పడి దొర్లతాండాది. పక్కనంతా మొగపిల్లోళ్ళు. చున్నీ ఒకచోట, పిల్ల ఒకచోట. రెండు నెలల కిందనే గదా ఊరంతా పిలిచి పీట మీద కూర్చోబెట్టి నీళ్ళు పోసినాం? నాకు తల కొట్టేసినట్టాయ.”

“అయితే?”

“అయితే ఏముంది...”

“అయితే ఏం సేసినావు?”

“ఇది చిన్నపిల్ల గాదు, పెద్దపిల్లల రూములో ఎయ్యి అని ఆ యమ్మితో చెప్పినా.”

“దేవుడా.”

“ఓడ కార్డులో వయసు పదే ఉండాది గదా అనింది. నేను ఇడుస్తానా? కుప్పంలో పుట్టి పెరిగినదాన్ని, తమిళం నాకు మంచినీళ్ళు తాగినంత పని. కార్డులో ఏముంటే ఏమమ్మా, పిల్ల వయసుకొచ్చింది అని చెప్పినా.”

“ఏమనీ?”

“వయసుకొచ్చింది, రెండు నెలలాయ అని. ఉన్న మాటే గదా.”

“ఆ యమ్మి తమిళోళ్ళ పిల్లేనా?”

“కాదు. యాడో మణిపూరంట. మద్రాసులో నాలుగు ముక్కలు నేర్చుకోనుండాది.”

“అత్తా! వయసుకొచ్చిందంటే ఆ పిల్లకేం తెలుస్తాది? పన్నెండు నిండి రెండు నెలలాయ అనుకోనుంటాది!”

“అందుకేనా... హ్యాపీ బర్త్‌డే అని బిడ్డకు చెయ్యిచ్చింది?”

“చేతికి కట్టిన పట్టీ మార్చేసిందా?”

“పచ్చది తీసి ఎర్రది కట్టింది. ఎర్రది బాగుండాదిలే అనుకుంటి.”

“ఎర్రది కడితే దాన్ని అడిగేవాడు లేడు. పైకి పోవచ్చు. డెక్కు మీదికి పోవచ్చు. కమ్మీల కాడికి పోవచ్చు.”

“అట్ల పలకొద్దు ప్రమీలా.”

“ఆ పెద్దోళ్ళ రూములో ఎవురెవురుండారో సూసినావా?”

“ఆడపిల్లోళ్ళని ఒకపక్క, మొగపిల్లోళ్ళని ఒకపక్క కూర్చోబెడతారనుకుంటి.”

“ఇది బడి ఏమన్నానా? పదిహేడేండ్లోళ్ళు గూడా ఉంటారు ఆడ! చిన్న పిల్లోళ్ళ పక్కన దొర్లిందని తీసకపోయి మీసాలొచ్చినోళ్ళ మధ్యన కూర్చోబెట్టినావు. పెనం మీది నుంచి తీసి పొయ్యిలో ఏసినావు గదత్తా!”

“నాకేం తెలుసు నా తల్లీ. నాకేం తెలుసు.”

“పద. పైకి పోదాం పద.”

“సురేంద్రకు చెప్దామా?”

“వద్దు.”

“డీలర్ల మీటింగులో ఉండాడు. మనిషిని పంపి పిలిపిస్తే...”

“వద్దంటే వద్దు! ముందర మనం సూద్దాం. దొరికినాక చెప్దాం.”

“దొరక్కపోతే?”

“ఆ మాట అనొద్దు అత్తా, నీకు దండం పెడతా.”

పై డెక్కు మీద గాలి కొంగు నిలవనివ్వడం లేదు.

“రమ్యా! ఓ రమ్యా!”

“గాలికి నీ అరుపు నీకే ఇనపడదు. నిదానంగా నడువు, కాలు జారతాది.”

“యా పక్క సూసినా నీళ్ళే. మదనపల్లె టమోటా మార్కెట్లో పిల్లోళ్ళు తప్పిపోతే మైకులో పిలుస్తారు, ఎవురో ఒకరు చెయ్యి పట్టుకోని తెచ్చిస్తారు. మనూరి బాయిలో పడితే గూడా తాడేస్తారు. ఈడ ఎవురు తెస్తారు? ఏం ఏస్తారు?”

“పడలే. పడదు. అది బుద్ధిగల్ల పిల్ల.”

“బుద్ధిగల్లదా? ఈ రెండు నెల్లలో అది నోరిప్పి నవ్వింది సూసినావా? బస్టాండు కాడ దాని ఫొటోతో అంతెత్తు ఫ్లెక్సీ కట్టించినాడు నీ కొడుకు. పిల్లోళ్ళు నవ్వినారని వారం దినాలు బడికి పోలే. మూల కూర్చుంటే బుద్ధొచ్చిందనుకుంటిరి. అది బుద్ధి గాదత్తా, భయం.”

“అన్నీ మా మీదికే తోసెయ్. సైకిలెత్తి అటక మీద పెట్టింది ఎవురు? నేనా?”

“ఇప్పుడా మాట యాల?”

“చెప్పు. ఇంక సైకిలేంది, పెద్దదానివైనావు, గమ్ముగా ఇంట్లో ఉండు అనింది ఎవురు?”

“నేనే. నేనే అన్నా. ఊరు ఏమంటాదో అని అన్నా. అది ఏడస్తా ఉంటే నేను పొయ్యి కాడికి పోయినా... అదేంది?”

“యాది?”

“ఆ కమ్మీకి. చివర్న. పసుపుగా ఎగరతాండేది.”

“తువ్వాలేమోలే. ఈతకొట్టేవోళ్ళది.”

“తువ్వాల గాదు. అంచుకు అద్దాలుండాయి. నేనే కుట్టించింది. అత్తా, అది దాని చున్నీ.”

“ప్రమీలా, ఆగు! ఆడికి పోవద్దు. కిందికి సూడొద్దు. ఎవురన్నా రండప్పా! ఈ బిడ్డను పట్టుకోండప్పా!”

“ఇడు నన్ను. ముడేసుండాది సూడు. గాలికి ఎగిరొచ్చి తగులుకోలే, ముడేసి పోయింది. ముడి యాల ఏస్తాదత్తా? యాల ఏస్తాది?”

“తల్లీ గంగమ్మా, నా నోరు పడిపోను. నా నోట్లో మన్ను పడ. పసిబిడ్డమ్మా, అది పసిబిడ్డ...”

“ఇప్పుడు పసిబిడ్డా?”

“కొట్టు. నన్ను కొట్టు ప్రమీలా. నన్ను కొట్టు గానీ ఆ పక్క ఒంగొద్దు... ఉండు. ఎవురో కేకేస్తాండారు. ఆ యమ్మే. క్లబ్బు యమ్మి. మెట్ల కాణ్ణించి చెయ్యి ఊపతాండాది.”

“ఏమంటాంది? చెప్పత్తా, ఏమంటాంది!”

“ఉండాది అంటాంది. ఉండాదంట! కిందనే ఉండాదంట!”

మళ్ళీ క్లబ్బు. చిన్నపిల్లల గదికి నడుమెత్తు తలుపు, దానికి లోపలి గడియ.

“యాడుండాది? నాకు కనపడలే.”

“ఆ బాళ్ళ తొట్టిలో. బాళ్ళ కింద దూరి కూర్చోనుండాదంట, అందుకే ఎవురికీ కనపడలే. ఇప్పుడు తల పైకి పెట్టింది సూడు.”

“రమ్యా! రా బంగారూ. రా, పోదాం.”

“నేను రాను.”

“కొట్టను. తిట్టను. ఎవురూ ఏమీ అనరు. ఆ రూములో నుంచి యాల వచ్చేసినావు?”

“అవ్వ ఏపిచ్చిన రూములో ఒకన్న నా పక్కనొచ్చి కూర్చున్నాడు. ఎర్ర పట్టీ సూసి, నువ్వు పెద్దదానివే గదా అన్నాడు. ఇంకా దగ్గరికి జరిగినాడు.”

“ఏమన్నా సేసినాడా?”

“చున్నీ పట్టుకోని లాగినాడు. నేను అక్కకు బై చెప్పి పరిగెత్తినా.”

“మరి మా కాడికి రాకుండా పైకి యాల పోయినావు? ఆ చున్నీ యాల కట్టినావు? నా పానం పోయిందే!”

“చున్నీ ఉంటే పెద్దదాననుకుంటారు. కింద పారేస్తే నువ్వు తిడతావని కట్టేసొచ్చినా. పట్టీ గూడా పెరికేసినా. ఈ చిన్నోళ్ళ రూములో డ్యూటీ మారి ఇంకో అక్క ఉండాది. నేను చిన్నపిల్లనే అని చెప్పినా. రానిచ్చింది.”

“అయ్యో నా బిడ్డా. అత్తా, తలుపు తీమను.”

“తీదంట.”

“యాల తీదు? తల్లిని నేనీడుంటే!”

“నువ్వు తల్లివే గానీ, కార్డులో ఒకటుండాది, అవ్వ ఒకటి చెప్పింది, పిల్ల ఇంకొకటి చెప్తాండాది, మేము ఏది నమ్మాల అంటాంది. పన్నెండు దాటింటే పిల్ల దానంతట అదే రావల్లంట, వాళ్ళు బలవంతంగా పంపరంట. దాటకపోతే తల్లి వచ్చి తీసకపోవల్లంట. ఏదో ఒకటి నీ నోటితో చెప్పమంటాంది.”

“చెప్పు. నా మాటగా చెప్పు. నా బిడ్డకు పదేండ్లు. పదకొండు నడస్తా ఉండాది. చిన్నపిల్ల. వయసుకు రాలేదు.”

“ప్రమీలా, ఆ మాట అనకూడదమ్మా. ఊరంతా పిలిచి సేసినాక...”

“వయసుకు రాలేదని చెప్పత్తా! ఆటాడుకునే పిల్లని చెప్పు. ఇందాక నువ్వు చెప్పిన నోటితోనే చెప్పు.”

“చెప్పినా. చెప్పినాలే, ఏడవొద్దు. గడియ తీస్తాండాది సూడు.”

“ఇన్నావు గదా బంగారూ, చెప్పేసినా. చిన్నపిల్లవే అని చెప్పేసినా. ఇంక రామ్మా.”

“అమ్మా, పుంగనూరుకు పోయినాక గూడా అట్లే చెప్తావా?”