కాశయ్య ఆపిన మబ్బు

"రేడియోల చెప్పిన్రని భయపడకుండ్రి. వాన సంగతి నేను రేడియోకు చెప్పాలె గని, రేడియో నాకు చెప్పుడేంది?" అన్నాడు కాశయ్య, జానీ పాషా చాయ్ హోటల్ బెంచీ మీద కాలు మీద కాలేసుకుని.

సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. ఆ రోజు సిద్దిపేటలో రాస్తారోకో. హోటల్ ముందున్న రాజీవ్ రహదారి మీద బస్సు లేదు, లారీ లేదు. అదే సందని రైతులు రోడ్డు పొడుగునా మక్కలు ఎండబోసుకున్నారు. పొద్దున రేడియోలో మాత్రం, సాయంత్రం నుంచి రెండు రోజులు భారీ వానలు, ఆపైన ఆకాశం తేటపడి చలి మొదలవుతుందని చెప్పారు.

యాదలక్ష్మి గబగబా నడిచొచ్చి మా బెంచీ ముందు నిలబడింది. ఆమె భర్త భీవండిలో మగ్గాల మీద పని చేస్తాడు. రోడ్డు మీద మక్కలకు ఆమె ఒక్కతే దిక్కు.

"కాశన్నా, నా మక్కలు..."

"కూసో చెల్లె. నీ మక్కల ముచ్చటే చెప్తున్న. పోయిన నెల గీ రోడ్డు మీదనే వంటావార్పు పెట్టినం గదా. నూరు మందికి అన్నం ఉడుకుతుంది. మొగులు మీద దూదిపింజంత మబ్బు లేదు. నా ఎడమ మోకాలు సలిపింది. గుండిగ టెంటు కిందికి జరుపుండ్రి అన్న. జరిపిన్రు. గంట కాలే, వాన. నేనేం గొప్ప చెప్పుకుంటలేను. మోకాలు నాకు చెప్పింది, నేను మీకు చెప్పిన."

"గది నిజమే. గుండిగకు ఒక పక్క నేనే పట్టిన," అన్నాడు బుచ్చిరాములు. ఆయన బస్సు కండక్టర్. సమ్మెలో ఉండి నెల రోజులుగా టికెట్లు కొట్టక చేతులు గుంజుతున్నాయట.

ఆ ఒక్క నిజం చాలు కాశయ్యకు. సందిస్తే మందిని తోలుకొచ్చే రకం.

"గటెన్క ఏమైందో ఎర్కేనా? మాపటికి పట్నంకెల్లి ఫోను. వానల కబురు చెప్పే ఆఫీసోళ్లు. కాశయ్యగారూ, మా మిషన్లన్ని ఒకదాని మీద ఒకటి పెట్టినా మీ ఎడమ మోకాలంత ఎత్తు రావు, రోజు పొద్దుగాల ఏం చదవాల్నో మీరే చెప్పుండ్రి అన్నరు. నేను పండ్లు తోముకుంట చెప్తుంటి, వాళ్లు రాసుకుంటుండ్రి. మరి కుడి మోకాలు సంగతేంది సార్ అని అడిగిన్రు. అది చలికి, అన్న. వానకు ఎడమది, చలికి కుడిది. దేని డ్యూటీ దానిదే."

"డ్యూటీ అంటున్నవ్, సమ్మెల ఉన్నం భాయ్," అన్నాడు జానీ పాషా, చాయ్ వడపోస్తూ.

"గక్కన్నే వచ్చింది చిక్కు. సకల జనుల సమ్మె అన్నంక ఆ ఆఫీసోళ్లు ఊకుంటరా? వాళ్లూ దిగిన్రు. ఇగ మబ్బులకు ఎటు పోవాల్నో చెప్పెటోడు లేడు. బందరు కాడ ఒక మబ్బు లేచింది, మన చెరువులన్ని కలిపినంత ఉంటది. బెజవాడల తొవ్వ అడిగింది, సూర్యాపేటల అడిగింది, అడుక్కుంట అడుక్కుంట కొమురవెల్లి కమాను దాక వచ్చింది."

"అన్నా, జెర నా మాట ఇను," అంది యాదలక్ష్మి. "పోయినేడు తడిసి మక్కలకు మొలకలొచ్చినయి. పంటంత బర్లకు పెట్టిన. ఈ యేడు గూడ గట్లయితే నేను తట్టుకోలేను. అందుకే నిన్ను..."

"గందుకే గదా నేను సైకిలెక్కింది. కమాను కాడ రోడ్డుకు అడ్డం నిలబడ్డ. రాస్తారోకో అన్న. మబ్బు ఆగింది. దాని ఎన్క ఇంకో మబ్బు, దాని ఎన్క ఇంకోటి, జనగాం దాక లైను కట్టినయి. మీరు ఉరుములనుకున్నరు గని అవి హారన్లు. ముందటి మబ్బు ఏడ్సుడు పెట్టింది. కాశన్నా, కడుపు నిండ నీళ్లున్నయి, నిలబడలేను, జాగ చూపియ్యి అన్నది. సరే, అక్కన్నపేట చెరువులల్ల పొయ్యి, రోడ్డు మీద మాత్రం మా ఆడోళ్ల మక్కలున్నయి, చినుకు పడొద్దు అన్న."

"పడలేదా?" అన్నాను నేను, నవ్వు ఆపుకుంటూ.

"వాన గోడ లెక్క నిలబడ్డది. ఇటు పక్క దుమ్ము, అటు పక్క వరద. ఒక బర్రె నడుమల ఇరికింది. ముందట సగం ఈత కొడుతుంది, ఎన్క సగం తోకతోని దుమ్ము లేపుతుంది. పాలు పిండితే రెండు రొమ్ములల్ల పాలు, రెండు రొమ్ములల్ల పాలపొడి."

జానీ పాషా చేతిలో చాయ్ సగం పొయ్యిలో పడింది. బుచ్చిరాములు దగ్గలేక నవ్వలేక సతమతమయ్యాడు. తూర్పున ఆకాశం నల్లబడి, గాలి అప్పటికే చల్లగా తగులుతోంది. యాదలక్ష్మి ఒక్కతే నవ్వలేదు. ఆమెను చూస్తే నాకు జాలేసింది.

"ఇగ చలి సంగతి. అది ఆదిలాబాదు కాడ మూట కట్టుకొని కూసుంది. కుడి మోకాలు తోని కబురు పంపిన. తొందర పడకు, ముందుగాల ఒక్క దుప్పటి మందం రా, దీపావళికి రెండు దుప్పట్ల మందం రా అన్న. ఎండ, పొడిగాలి జెర ఎక్కువ పట్టుకరా, మా మక్కలు గలగల ఎండాలె అన్న. సరే అన్నది. గిప్పుడు తూర్పుకెల్లి వస్తున్న మబ్బుకు గూడ నిన్ననే చెప్పి పెట్టిన. చెల్లె, నువ్వు నిమ్మళంగ ఇంటికి పోయి పండుకో. చినుకు పడితే నా పేరు కాశయ్య కాదు."

"పడదా అన్నా?"

"పడదు."

"ఒట్టా?"

"మల్లన్న మీద ఒట్టు."

యాదలక్ష్మి కొంగు నడుముకు దోపుకుంది. "మంచిదన్నా. నేనొచ్చిందే గందుకు. ఇంతసేపు నువ్వు మాట్లాడనియ్యలే. పొద్దుగాల రేడియో అయిపోంగనే నువ్వు, మీ ఇంటామె అనసూర్యక్క ఉరికొచ్చి మీ మక్కలు కుప్ప చేసి టార్పాలిన్ కప్పిన్రు గదా. నా మక్కలు పక్కనే ఉండె, నేను చూస్తనే ఉన్న. వాన రాదంటున్నవ్, ఇగ నీకు దానితోని ఏం పని? నేను తీసుకపోయి నా మక్కల మీద కప్పుకుంట."

కాశయ్య ఒకసారి తూర్పు దిక్కు, ఒకసారి ఆమె దిక్కు చూశాడు.

ఆమె అప్పటికే రోడ్డెక్కింది.

"ఆగు చెల్లె. దాని మీద బండలు పెట్టిన, నువ్వొక్కదానివి లేపలేవు," అన్నాడు చివరికి. గ్లాసు కింద పెట్టి లేచాడు. "రెండు కుప్పలు ఒక్క తాన చేస్తే టార్పాలిన్ ఇద్దరికి సరిపోతది. బుచ్చిరాములూ, చూస్తవేందిరా, పార అందుకో. పది నిమిషాలల్ల వాన."