కార్తహేనాని తాడు కట్టి లాగిన కథ

కార్తహేనా రేవుకి ఎదురుగా సముద్రంలో ఉన్న ఆ దీవి మొత్తానికి, బాల్దొమేరో కోతలకి ఒక్కడే విరుగుడు, ఫెర్మీన్. ఆ ఫెర్మీన్ పోయి ఇవాళ్టికి తొమ్మిదో రోజు.

అతని ఇంటిముందు పాత తెరచాప గుడ్డతో పందిరి వేశారు. దాని కింద డామినో బల్ల, బల్ల పక్కన ఖాళీగా ఫెర్మీన్ కుర్చీ. లోపల తెల్ల దుప్పట్లు కట్టి, పైన నల్ల కాగితం సీతాకోకచిలుకని అంటించి, పోయినవాడి కోసం పెట్టిన పీఠం ఉంది. పొద్దు దిగకముందే దాన్ని విప్పేస్తారు. ఆత్మకి దాహమేస్తుందని పెట్టిన గ్లాసెడు నీళ్లు సముద్రంలో పోసేస్తారు. చివరికి ఆ కుర్చీని లోపలికి తీసుకెళ్లి గోడవైపు తిప్పి పెడతారు. అప్పటికి గాని మనిషి నిజంగా వెళ్లిపోయినట్టు కాదు.

అయితే ఒక కట్టుబాటుంది. పందిరి కింద ఎవరైనా కథ చెబుతుంటే అది ముగిసేదాకా దేన్నీ కదపకూడదు. కదిపితే పోయినవాడు సగం దారిలో ఆగిపోతాడంటారు. ఈ సంగతి బాల్దొమేరోకి అందరికంటే బాగా తెలుసు. అందుకే కొబ్బరన్నం తిన్న చెయ్యి కడుక్కుని, బెల్లం వేసిన నల్లకాఫీ తెచ్చుకుని, ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని, ఎవరూ అడక్కుండానే మొదలెట్టాడు. ఆ కుర్చీ అక్కడే ఉండాలి. కుర్చీ ఉండాలంటే కథ నడుస్తూ ఉండాలి.

"మొండిది అని మా పడవొకటి ఉండేది, మీలో సగం మంది దాన్ని చూసుండరు. ఇంజను లేదు, పాడు లేదు, ఉన్న ఒక్క తెరచాపకీ పిండి సంచుల అతుకులు. దాన్లో కొబ్బరికాయలేసుకుని ముగ్గురం కార్తహేనా బయల్దేరాం, నేనూ ఫెర్మీనూ ఎదిల్మానూ. అప్పటికి వీళ్లిద్దరికీ పెళ్లి కాలేదులే. ఎదిల్మా వాళ్లమ్మ నన్ను నమ్మి పంపింది."

"నిన్ను నమ్మా మామా?" అన్నాడు తోర్కువాతో, డామినో పలకలు సర్దుకుంటూ. ఫెర్మీన్‌తో రోజూ ఆడే జోడీ వాడే.

"మరి ఫెర్మీన్‌ని నమ్మి పంపుతుందేంట్రా, పెళ్లికాని పిల్లని?"

పందిరి కింద నలుగురూ సన్నగా నవ్వారు. కిటికీ అవతల ఎదిల్మా నవ్వలేదు. మొగుడు పోయిన దగ్గర్నుంచి ఆమె అడిగినదానికి అవుననో కాదనో తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

"రేవులోకి పోయే బోకచీకా మొగ దగ్గర ఎదురుగాలి కొట్టింది. సరే, ఎందుకొచ్చిన గోల అని రెండో మొగ, బోకగ్రాందే వైపు తిప్పాను. అక్కడ నీళ్లకింద స్పెయిన్ వాళ్లు కట్టిన రాతిగోడ ఉందిగా, పడవల కడుపులు చీల్చడానికే కట్టారు దాన్ని. నేనేం చేశానో తెలుసా? వీళ్లిద్దరితో, ఊపిరి బిగబట్టండి అన్నాను. ముగ్గురం బిగబట్టేసరికి పడవ తేలికైపోయి జానెడు పైకి లేచింది, గోడకి అడుగు తగలకుండా జారుకుని వెళ్లిపోయాం."

"మరి కొబ్బరికాయల సంగతేంటి మామా?" అన్నాడు తోర్కువాతో.

"అవీ బిగబట్టాయి."

ఎదురుగాలి దాకా నిజమే. బాల్దొమేరో కథల్లో మొదటి కాస్త ఎప్పుడూ నిజమే ఉంటుంది, ఎర లేకుండా గాలం వెయ్యడు. అతను కాఫీ ఒక గుక్క తాగి, గొంతు తగ్గించాడు.

"ఊళ్లోకి వెళ్లాం. ఏం చెప్పను, మేడలూ వాటినిండా పూలకుండీలూ, ఏ సందులోకి వెళ్లినా ఒక గుడి, గుడికో గంట. కానీ అక్కడో అన్యాయం ఉందిరా. మన దగ్గర నాలుగిళ్లు దాటితే నీళ్లే కదా, అక్కడ ఎంత నడిచినా వీధి వెనక వీధే గాని సముద్రం రాదు. ఆ జనం అలా ఎలా బతుకుతారో నాకు తెలీదు. నాకు గాలాడలేదు. వీళ్లిద్దరూ కబుర్లలో పడి ముందెళ్లిపోయారు, ఈడొచ్చిన పిల్లలు కదా, నేనెందుకు మధ్యలో అని కోటగోడ ఎక్కేశాను. గోడమీంచైతే సముద్రం కనిపిస్తుంది. అలా నడుస్తుంటే తుప్పుపట్టిన ఫిరంగి ఒకటి కనిపించింది. ఊరికే చెవి పెట్టి విన్నాను. లోపల ఎవరో తుమ్మారు."

ఇక్కడ ఆగాడు. ఇన్నేళ్లుగా ఇక్కడే ఆగడం అలవాటు. ఎందుకంటే సరిగ్గా ఈ తుమ్ము దగ్గరే ఫెర్మీన్ చేతిలో పలకని టప్పుమని బల్లమీద వేసి, "ఆ పడవలో నేను కూడా ఉన్నాను" అనేవాడు. అంతే, ఇంకో ముక్క లేదు. అందరూ పగలబడి నవ్వేవాళ్లు, బాల్దొమేరో వాణ్ణి నానా తిట్లూ తిట్టి ఇంకో గ్లాసు కాఫీ అడిగేవాడు, కథ ముగిసేది. పిల్లల బారసాలల్లో, తుఫానుకి పడవలన్నీ ఒడ్డునున్న రోజుల్లో, ఎవరో ఒకరు పోయినప్పుడు ఇదే పందిరి కింద, ఎన్నిసార్లు చెప్పినా ఈ కథ ఫిరంగి దాటి ముందుకు పోలేదు. దాని అవతల ఏముందో బాల్దొమేరో కూడా ఎప్పుడూ ఆలోచించలేదు.

అతను ఖాళీ కుర్చీకేసి చూశాడు. తోర్కువాతో తల వంచుకుని చేతిలో పలకల్ని చూసుకున్నాడు. ఈ రోజు ఈ మనిషిని ఆపడానికి ఎవరికీ నోరు రాలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు బాల్దొమేరో. ఎవరికీ తెలీదు. అతనికీ తెలీదు.

"ఆ తుమ్మింది స్పెయిన్ సిపాయి. తుమ్మి మూడొందల ఏళ్లయింది, బయటికి దారి దొరక్క ఆ తుమ్ము అందులోనే తిరుగుతోంది పాపం. చిరంజీవ అన్నాను. ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టుంది, ఒక్కసారి బయటికొచ్చింది. ఎండకి వేడెక్కకుండా నేనందులో ఒక కొబ్బరికాయ పెట్టానులే, ఆ కాయని ఎత్తి కొట్టింది చూడూ, ఊరు దాటి, కోటలు దాటి, సముద్రం దాటి ఇక్కడొచ్చి పడి మొలిచింది. అదిగో, దొన్యా సిక్స్తా ఆనుకుని కూర్చుందే, ఆ చెట్టే."

పక్క దీవి నుంచి వచ్చి తొమ్మిది రోజులూ ప్రార్థనలు చదివిన, అందరూ గౌరవంగా దొన్యా అని పిలిచే ముసలమ్మ సిక్స్తా తల పైకెత్తి చెట్టుని ఒకసారి చూసింది. మామూలుగా అయితే ఆమె నోరు ఊరుకునే రకం కాదు.

"మంచి కాపు కాస్తుంది నాయనా ఇది," అంది. "కానీ పొద్దు వాలింది. మా దీవి పడవవాడు ఒడ్డున నిలబడి కేకలేస్తున్నాడు."

"వస్తున్నా దొన్యా, ఒడ్డుకే వస్తున్నా. గంటస్తంభం సంగతి చెప్పొద్దూ? ఆ గడియారం తప్పు చూపిస్తోంది. నేను సూర్యుణ్ణి చూసి, టైం ఇంత అని గట్టిగా అన్నాను. అది సిగ్గుపడి ముళ్లు సర్దుకుంది. జనం మూగిపోయారు. ఊరిపెద్ద పరిగెత్తుకొచ్చి, అయ్యా ఈ ఊరి తాళంచెవి నువ్వే ఉంచుకో అన్నాడు. మా దీవిలో తలుపులకి గొళ్లేలే లేవు, తాళంచెవి నేనేం చేసుకోను అన్నాను. పోనీ ఏం కావాలో చెప్పు, ఏదడిగినా ఇస్తాం అన్నారు. ఏమీ వద్దు, ఇంటికెళ్లాలి అన్నాను."

ఆ చివరి మాట మిగతా మాటల్లా రాలేదు. అదెలా నోట్లోంచి వచ్చిందో బాల్దొమేరోకే తెలియలేదు. కిటికీ దగ్గర ఎదిల్మా చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

అతను గబగబా అందుకున్నాడు. "పడవకొచ్చాను. వీళ్లిద్దరూ అప్పటికే వచ్చి కూర్చున్నారు. తెరచాప ఎత్తేశాను. కానీ ఏమైందో తెలుసా? పడవ తాడు కోటగోడకి కట్టాను కదా, తొందర్లో విప్పడం మర్చిపోయాను. మొండిదని పేరు ఊరికే పెట్టామా, ఒక్క గుంజు గుంజింది. వెనక్కి తిరిగి చూస్తే గోడ, గోడతోపాటు గుళ్లు, మేడలమీద బట్టలారేసుకుంటున్న ఆడవాళ్లు, కార్తహేనా కార్తహేనా మొత్తం మా వెనకాల తేలుకుంటూ వస్తోంది. పళ్లమ్మే ముసలావిడ ఒకత్తె గోడ చివరికొచ్చి, నాయనా కాస్త నెమ్మదిగా పోనీ, బుట్ట ఒలికిపోతోంది అంది. సరేనమ్మా అన్నాను. చుక్కాని ఫెర్మీన్ పట్టుకున్నాడు. వాడు పట్టుకుంటే పడవ ఎంత తిన్నగా పోతుందో మీకు తెలుసు కదా."

ఎవరూ నవ్వలేదు. ఎండ ఏటవాలుగా పందిరి కిందికొచ్చి ఖాళీ కుర్చీ కాళ్లమీద పడింది.

"మరి ఊరు మళ్లీ అక్కడే ఉందిగా మామా," అన్నాడు తోర్కువాతో మెల్లిగా. అది ఎత్తిపొడుపు కాదు, మునిగేవాడికి తాడు విసిరినట్టు అన్నాడు. "వెనక్కి తీసుకెళ్లి పెట్టేశావా?"

"లేదు. గాలి పడిపోయింది."

"తర్వాత?"

"ఇంకా పడలేదు గాలి. కాదు, పడిపోయిందన్నాగా. అక్కడే ఉన్నాం. నేనున్నాను, వాడున్నాడు. వాడు చుక్కాని వదల్లేదు. ఇంకా చేరలేదు మేం, ఇంకా సముద్రంలోనే ఉన్నాం."

బాల్దొమేరోకి ఇక అబద్ధాలు లేవు. చేరాం అంటే లేచి కుర్చీ తీసేస్తారు. చేరలేదంటూ ఎంతసేపు కూర్చోగలడు? చేతిలో కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది. ఎవడైనా ఒక్కడు, అబద్ధం అనరాదా అని అందరి మొహాలూ చూశాడు. అందరూ దయగా చూస్తున్నారు. ఆ దయ చూస్తే అతనికి భయమేసింది.

లోపల్నుంచి ఎదిల్మా వచ్చింది. నల్లబట్టల్లో ఉంది. వచ్చి కుర్చీ వెనక నిలబడి, దాని వీపుమీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో బల్లమీద నుంచి ఒక పలక తీసి టప్పుమని వేసింది.

"ఆ పడవలో నేను కూడా ఉన్నాను," అంది.

ఇన్నేళ్లలో ఈ కథ గురించి ఆమె ఒక్క మాట అనగా ఎవరూ వినలేదు.

"ఊరు కదల్లేదు, తాడూ మర్చిపోలేదు," అంది. "నువ్వు తప్పిపోయావు బాల్దొమేరో. ఇక్కడిలాగే, సముద్రాన్ని ఎడంచేతి వైపు ఉంచుకుని నడుస్తూ పోతే బయల్దేరిన చోటికే వస్తాననుకున్నావు. ఆ గోడమీద అలాగే నడిచావు. కానీ ఆ గోడ చివర్లో కూలగొట్టేసి ఉంది. సముద్రం ఉండాల్సిన చోట బస్సులున్నాయి. దిగి అక్కడే కూలబడిపోయావు. ఇంకో కూతవేటు దూరం నడిస్తే మన పడవే. ఆయన నీకోసం సందు సందూ గాలించి పొద్దుగూకేవేళకి పట్టుకున్నాడు. ఇంటికెళ్లాలి అన్నావు. పడవెక్కాక కూడా ఆయన చెయ్యి వదల్లేదు నువ్వు."

బాల్దొమేరో తల ఎత్తలేదు.

"చుక్కాని పట్టుకుంది ఆయన కాదు, నేను. ఆయనకి చెయ్యి ఖాళీ లేదు. తెల్లారేసరికి గాలొచ్చింది. ఇంటికొచ్చేశాం. ముగ్గురం చేరాం."

ఫిరంగి దాటితే వచ్చేది ఆ కూలిన గోడే. ఇన్నేళ్లూ ఫెర్మీన్ తన కథకి అడ్డుపడుతున్నాడనుకున్నాడు బాల్దొమేరో. అడ్డుపడింది కథకి కాదు. ఆ గోడ చివరిదాకా తనని నడవనివ్వకుండా, ప్రతిసారీ ఒక్క అడుగు ముందు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఇది తెలిసేసరికి అతనికి గుండె పట్టనంత దుఃఖం వచ్చింది.

"మరి ఈ చెట్టు సంగతేంటమ్మా?" అంది సిక్స్తా, వీపు చెట్టుకి ఆనించే.

"అది మా మామగారు నాటింది."

ముందు తోర్కువాతో నవ్వాడు. తర్వాత ఆపుకోలేక అందరూ నవ్వారు, తొమ్మిది రోజులుగా లోపల దాచిపెట్టుకున్న నవ్వు. బాల్దొమేరో కూడా నవ్వాడు. కళ్లు తుడుచుకుంటూ, ఏడుస్తూ నవ్వాడు.

"వాడు పోయాడనుకుంటే నువ్వు తయారయ్యావా వదినా," అన్నాడు. "ఇంట్లో ఒక్కళ్లయినా నా కథ పూర్తిగా సాగనివ్వరు కదా."

"అయిపోయిందిగా," అంది ఎదిల్మా. "ఇంక లే."

పీఠం విప్పారు. సీతాకోకచిలుకని తీసి మడిచారు. సిక్స్తా చివరి ప్రార్థన చదివి, గ్లాసులో నీళ్లు సముద్రంలో పోసి పడవెక్కింది. కుర్చీని తోర్కువాతో ఎత్తబోతే బాల్దొమేరో వద్దని తనే భుజాన వేసుకున్నాడు. ఇంటి గుమ్మం ఎదురుగానే ఉంది. అతను అటు వెళ్లలేదు. ఒడ్డుకి దిగి, సముద్రాన్ని ఎడంచేతి వైపు ఉంచుకుని మెల్లిగా నడవడం మొదలెట్టాడు.

దీవి చిన్నది. ఆఖరి వెలుతురు ఉండగానే చుట్టి, ఇంటి వెనకవైపు వచ్చేశాడు. ఎదిల్మా పెరటి తలుపు తీసి పట్టుకుని నిలబడి ఉంది.